సైకిలు మీంచి పడ్డవాళ్ళు

ఇప్పుడు చెప్పబోయేది ఉక్కు మహాకావ్యం. నిప్పుల నది, చెమట, తిరుగుబాటు, అన్నీ ఉంటాయి. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజంగా ఉన్నది ఒక షెడ్డు, ఒక కుడిచెయ్యి. ఆ చెయ్యి కూడా నాది కాదు.

నాన్న మా వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, పెద్ద ఉక్కు ప్లాంటులో పర్మినెంటుగా చేసి రిటైరయ్యారు. ప్లాంటు క్వార్టర్సుండే సెక్టర్ 6 నుంచి సైకిలు మీద షిఫ్టుకి వెళ్ళేవారు. నేను డిప్లొమా చదివి, ఊరి చివర ఇనుప కడ్డీలు సాగదీసే ఒక చిన్న రోలింగ్ షెడ్డులో కాంట్రాక్టరు కింద చేరాను. బైకు మీద వెళతాను. దేశం ముందుకు పోయిందనడానికి మా ఇంట్లో ఉన్న ఆధారం అదొక్కటే.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. పనిలో దెబ్బ తగిలితే, ఆసుపత్రిలో సైకిలు మీంచి పడ్డానని చెప్పాలి. నిజం చెప్పినవాడికి మర్నాటి నుంచి పని ఉండదు. మావాళ్ళ ఆసుపత్రి చీటీలు చూస్తే సైకిలంత ప్రమాదకరమైన వాహనం ఇంకోటి లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, నా పక్కన పనిచేసే, మేమందరం భయ్యా అని పిలిచే ఆయన కుడిచేతికి ఎర్రగా కాలిన కడ్డీ తగిలింది, చూపుడువేలికి ఎక్కువగా. ఆయనది గనుల వైపు పల్లె. వాళ్ళ కొండలోని ఇనుము ముందు రైలెక్కి వచ్చింది, వెనకాలే ఆయన వచ్చాడు. ముగ్గురు పిల్లలు.

బైకు మీద నెహ్రూ నగర్‌లో ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళాను. దారంతా కొత్త కార్ల షోరూములు. నొప్పికి చెయ్యి పైకెత్తి కూర్చున్నాడు. తననే పిలుస్తున్నామనుకుని ఒక ఆటో ఆగింది.

"ఎలా జరిగింది?" డాక్టరు అడిగాడు.

"సైకిల్ సే గిర్ గయా, సాబ్."

"ఇది కాలిన గాయం కదా?"

భయ్యా నా వైపు చూశాడు. జోకులు నా శాఖ.

"మే నెల కదా సాబ్, రోడ్డు వేడిగా ఉంది" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. పనిలో తగిలిందని రాస్తే బీమా ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషను చేస్తారని, చూపుడువేలు బాగవ్వచ్చని చెప్పాడు.

భయ్యా తల అడ్డంగా ఊపాడు. "సైకిలే రాయండి సాబ్. వేలు పోయినా ఇంకా తొమ్మిదుంటాయి. నౌకరీ ఒక్కటే."

సాయంత్రం నాన్నకి చెప్పాను.

"సైకిలు మీంచి పడితే సెయ్యి కాలతాదేటిరా?"

"మీ రోజుల్లో సైకిళ్ళు ఇంత వేడిగా ఉండేవి కావు నాన్నా."

"నవ్వులాటగా ఉందేటి నీకు? మాకైతే అంబులెన్సు పని సేసే కాడికే వచ్చీది."

నవ్వులాటగా ఏమీ లేదు. అలవాటుగా అన్నాను, అంతే.

మూడు వారాలకి భయ్యా తిరిగొచ్చాడు. చూపుడువేలు ఉంది, వంగదు. చివర చర్మం నున్నగా మెరుస్తోంది. నౌకరీ కూడా ఉంది, ఎవరూ తియ్యలేదు. గేటు దగ్గర హాజరు మెషీను మీద వేలు పెట్టాడు; వేలిముద్ర పడితేనే ఆ రోజు పని, కూలి. గుర్తుపట్టలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే.

"హటో భయ్యా, పక్కకి జరుగు, లైను ఆగిపోయింది" అన్నాడు గేటు దగ్గరి గార్డు.

ఎడమచేతి వేలు నమోదు చేయించుకోవచ్చు. ఆధార్ జిరాక్సు తేవాలి. నమోదు గురువారం మాత్రమే, పదకొండు నుంచి పన్నెండు దాకా. ఆ రోజు శుక్రవారం.