ఎండుమిరపకాయలు పట్టిచ్చిన పగులు

నాది ఆదోని, మా అత్తోళ్లది ఎమ్మిగనూరు. మా ఆయన మగ్గం నేస్తాడు, మా అత్త నూలు కండెలు చుడతాది. నాకు వచ్చిందల్లా జొన్నరొట్టె. ఎనిమిది దాంక చదివినా గానీ నేను బాగా నేర్చుకున్న పాఠం అదే. రొట్టెలు తట్టి అమ్ముతానంటే మా ఆయన సరే అన్నాడు, మా అత్త చూద్దాంలే అనింది. ఇంట్లో గ్యాసు ఉంది గానీ జొన్నరొట్టెకు కట్టెల మంటే కావల్ల. వంటింట్లో పాత పొయ్యి ఒకటుండె, దాని మీద గోడలోనే కట్టిన పొగగొట్టం. ఆ గోడకు అవతల పక్కనే మగ్గం ఉండే గది, దాన్నీ మేము మగ్గమనే అంటాం.

రెండేండ్లు బాగా జరిగింది. బస్టాండు కాడ నుంచి కూడా మనుషులు వచ్చి రొట్టెలు కట్టిచ్చుకొని పోతాండ్రి. ఈసారి వానలు అయిపోయినంక, మగ్గం మీద తెల్లచీర పడుగు గోడ పక్క కొసన పసుపుపచ్చగా తిరిగింది. పడుగంటే చీర పొడుగునా పోయే పోగులు, నేసే ముందే మగ్గానికి ఎక్కిస్తారు. మా అత్త ఆ పోగులు చూసి, తర్వాత నా చేతులు చూసింది. నేను మగ్గం కాడికే పోలేదంటే నమ్మలే. మసి నీ పొయ్యిదే గదా అనింది. ఈ చీర చెడితే నూలిచ్చే ఆయన మళ్లా తెల్లనూలు ఇయ్యడు, చెడిందో, ఆ పొయ్యి పీకిచ్చేస్తా అని ఒకటే మాట చెప్పింది. ఆ ఇంట్లో నాదీ అని చెప్పుకునేది ఆ పొయ్యి ఒక్కటే. మూడు రోజులు సరిగ్గా అన్నం దిగలే నాకు.

ఇప్పుడు తలుచుకుంటే ఎన్ని గుర్తులు కండ్ల ముందరే ఉన్నాయో. బూడిద ఎత్తేటప్పుడు మసి పెళ్లల్లో ఎర్ర ఇసుక చేతికి గరగర తగుల్తాండె. పత్తికట్టెల్తో వచ్చిన మన్నేమో అనుకుంటి. మగ్గం పక్క గోడ మీద అరచేయంత మచ్చ లేస్తే మా ఆయన సున్నం పూసినాడు. వారానికే మళ్లా పైకొచ్చింది, మళ్లా పూసినాడు. వాన పడిన రోజు ఇల్లంతా తడిసిన బొగ్గు వాసన. పక్కింటోళ్లు ఏందో కాలుస్తాండారని మా అత్త వాళ్లను తిట్టింది. పాపం వాళ్లది గ్యాసు పొయ్యి. మా ఆయనకు మగ్గంలో కూర్చుంటే తలనొప్పి, అట్ల బజారు దాంక పోయొస్తే తగ్గిపోతాండె. పని ఎగ్గొట్టేకి సాకు అనుకున్నా నేను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క కారణం చెప్పుకున్నాం గానీ, అన్నీ కలిపి చూసిన పాపాన పోలే.

మా అత్తకు ఇదంతా దిష్టి అని తోచింది. ఆదివారం, ఇంకా ఎండ ఉండంగానే, మగ్గానికీ మా ఆయనకూ కలిపి ఉప్పు, ఎండుమిరపకాయలు మూడు తూర్లు తిప్పి, తెచ్చి నా పొయ్యిలో ఏసింది. ఘాటు వస్తే దిష్టి లేదని, రాకుంటే ఉందని లెక్క. ఇద్దరం పొయ్యి ముందర నిలబడి ఎదురు చూసినాం. ఒక్క తుమ్ము రాలే. ఎంత దిష్టి తగిలిందో చూడు అని మా అత్త నా పక్క తిరిగింది. అంతలోనే గోడకు అవతల మా ఆయన దగ్గు మొదలుపెట్టినాడు. దగ్గు కాదది, పేగులు బయటికొచ్చేటట్ల. తుమ్ముకుంటా బయటికి ఉరికొచ్చి, మగ్గంలో మిరపకాయలు కాల్చేది ఎవరని అడిగినాడు.

మా అత్తేమో దిష్టి దిగిపోతాందిలే అనింది. నాకు మాత్రం అనుమానం తగిలింది. ఈడ ఏసిన మిరపకాయ ఆడెట్ల ఘాటెక్కె? పోయి గోడ మీది మచ్చకు చెయ్యి ఆనిచ్చినా. వెచ్చగా ఉంది, గుడ్డలో చుట్టిన రొట్టె మాదిరి.

"అత్తా, నువ్వు పోయి మగ్గం కాడ కూర్చో. నేనింకోసారి ఏస్తా."

"ఎవరికి తీస్తావే దిష్టి?"

"గోడకు తీస్తా."

ఏ కళనుందో గానీ పోయి కూర్చునింది. నేను గుప్పెడు మిరపకాయలు ఏసినా. గుప్పెడు ఎక్కువే, ఒప్పుకుంటా. మూడు రోజుల కోపం కూడా అందులో ఉండె. లోపల పది అంకెలు లెక్కపెట్టేలోగా ఆమె దగ్గు వినపడింది. నేను ఉరికిపోయి చూస్తే మచ్చ అంచున, సున్నం పెచ్చు లేచిన కాడ, దారం మాదిరి సన్నగా పొగ వస్తాంది. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, కండ్లనీళ్లు కారిపోతాంటే దాన్నే చూస్తాంది.

"దిష్టి లేదు ఏం లేదు పాపా," అనింది. "సందు ఉంది."

ఆ మాట చాలు నాకు. వెంటనే మంట ఆర్పేసినా. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి సున్నం గీకితే మూరెడు పొడుగు పగులు బయటపడింది. లోపల ఒక ఇటుక జారి గొట్టానికి అడ్డం పడింది, ఇటుకల మధ్య సున్నమంతా ఇసుకై రాలిపోయింది. పొగ పైకి పోలేక మగ్గంలోకి దారి చేసుకునింది. ఇంకా కొన్నాళ్లు చూడకుంటే మనుషులకే ప్రమాదం అన్నాడు. మచ్చ వచ్చినప్పుడు సున్నం పూసిందెవరని అడిగితే మా ఆయన మిద్దె మీదికి చూసినాడు. ఎందుకమ్మా ఈ ఖర్చు, గొట్టం మూసేసి పొయ్యి తీసేస్తే ఒక పూటలో అయిపోతాది అని మేస్త్రీ అన్నాడు.

"పొయ్యి ఆడనే ఉంటాది," అనింది మా అత్త. "నువ్వు గొట్టం కట్టప్పా."

కట్టినాడు. పసుపు తిరిగిన పడుగు కొస కొంచెమే, అది కోసేసి మిగతాది నేస్తే చీర తెల్లగా మల్లెపూవు మాదిరి దిగింది. కొత్త గొట్టం బాగా ఆరినంక పొయ్యి ముట్టిచ్చినా. మా అత్త మిద్దె ఎక్కి నిలబడింది. మోకాళ్ల నొప్పులని గడప దాటని మనిషి. పొగ నిలువుగా పోతాంది, తట్టుకో నీ రొట్టెలు అని వీధంతా వినపడేటట్ల పైనుంచి అరిచింది.

తట్టినా. తొలి రొట్టె బుస్సుమని పొంగింది. దాన్ని ఎవరికీ అమ్మలే. సగం తుంచి మా అత్తకు ఎత్తిపెట్టి, సగం పొయ్యి ముందర నిలబడే నేను తిన్నా.