ఎడమకు తిరిగిన కుండ

చోడవరం కుమ్మరివీధిలో అచ్చియ్యమ్మ రంగులేసిన పెళ్ళికుండ చూసి మోసపోని కన్ను లేదు. మసి, కావి, సున్నం, పసుపు. ఆ వరస తప్పకుండా కుండ చుట్టూ చిన్నచిన్న పట్టీలు వేసుకుంటూ పోయేది. తేరిపార చూస్తే కుండ బుద్ధిగా కూర్చుంటుంది. చూపు కాస్త పక్కకి తిప్పారా, కంటికొసన మెల్లగా కుడివైపుకి తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో ఆవిడకీ తెలీదు. అత్తగారు నేర్పిన వరస, అంతే. వరస తిరగేస్తే ఎడమకి తిరుగుతుంది, అది చావు తిరుగుడు, చచ్చినా వెయ్యొద్దని కూడా ఆ అత్తగారే చెప్పింది.

మొగుడు బంగార్రాజుది ఎడమచేతి వాటం. వీధిలో అందరి చక్రాలూ కుడికి తిరిగితే ఇతగాడిది ఎడమకి తిరిగేది. వీధంతా ఆటపట్టించేవారు. నవ్వేసి కుండ చేతికిచ్చి, ఎటు తిరిగిందో చెప్పుకోండి చూద్దాం అనేవాడు. ఒక్కరూ చెప్పలేకపోయేవారు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలైన వారం పక్షవాతం వచ్చి అతని ఎడమవైపు పడిపోయింది. చక్రం ఆగింది. ఆడది చక్రం ముట్టకూడదని అక్కడి కట్టుబాటు. ఎవడు పెట్టాడో గాని, వాడు బతికుంటే నాలుగు దులిపి వదలాలి. పిల్లలు లేని ఇల్లు. బంగార్రాజు మంచం మీంచి ఆ చక్రం కేసి చూసి చంటిపిల్లాడిలా ఏడ్చేవాడు.

అచ్చియ్యమ్మ చూడలేకపోయింది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కుండకి రంగులేసి, మంచానికి ఎదురుగా చక్రం మీద పెట్టింది.

"తిరుగుతందా మావా?"

అతను చూపు పక్కకి తిప్పి చాలాసేపు చూసేడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "తిరుగుతంది. కానీ కుడికే... పెళ్ళికుండనాగ. నా సక్రం అలా తిరగదు కదే అచ్చీ. ఒక్కపాలి నా వోటం తిప్పవే."

బతికున్న మనిషి ఎదుట చావు తిరుగుడా? "రేపేస్తాను మావా" అంది. ఆ రేపు రాలేదు. రోజూ అడిగేవాడు, రోజూ ఆవిడ ఏదో ఒక సాకు చెప్పేది. సున్నం అయిపోయిందంది, మసి దొరకలేదంది. చివరికి అతను అడగడం మానేశాడు. అలా మానేసిన రోజున ఆమె వంటింట్లో కూర్చుని కుమిలిపోయింది, అయినా కుంచె పట్టలేదు. తన చేత్తో మొగుణ్ణి సాగనంపినట్టవుతుందని భయం. పాపం, ఆ భయమే అతన్ని కాపాడుతోందనుకుంది.

మాఘమాసంలో ఒక పొద్దున్న, గంజి తాగుతూ తాగుతూ బంగార్రాజు ప్రాణం పోయింది.

నిప్పు పట్టుకెళ్ళడానికి కుండ కావాలి. బజారు కుండ తెస్తానన్నాడు మరిది గోవిందరావు. కుమ్మరి శవం ముందు కొన్న కుండా? అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. చక్రం మీది కుండని దించి, తడిగుడ్డతో పాత రంగులు తుడిచి, కుంచె పట్టుకుంది. పసుపు, సున్నం, కావి, మసి.

"ఈ టైంలో రంగులేటొదినా? అందరూ నిలబడిపోనారు" అన్నాడు గోవిందరావు.

"నిలబడనీ బాబూ. నాను మీ అన్నని మూడు నెలలు నిలబెట్టేను."

సున్నం ఆరితేగాని తెల్లబడదు. పాడె కట్టేసినా, కుండ ఎండలో ఆరేదాకా జనం వీధిలో ఆగారు. ఆమె శవం తలదగ్గర కూర్చుని మొగుడి మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. సున్నం పట్టీలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. అప్పుడు ఆమె కంటికొసన, గుమ్మం దగ్గర కుండ మెల్లగా కదిలింది. ఎడమకి.

"తిరుగుతంది మావా" అందామె, మూసిన అతని కళ్ళ మీద చెయ్యి పెట్టి. "నీ వోటమే తిరుగుతంది. సూడు మావా, ఒక్కపాలి సూడు."