తాళం వేసిన బీరువా

పెందుర్తి బస్సు దిగి సముద్రం దగ్గరి టెలిఫోన్ ఆఫీసుకు రాగానే, రోజూ చెమటైనా తుడుచుకోకుండా సూర్యకళ అద్దాల బీరువా ముందు నిలబడుతుంది. 4జీ, 5జీ నెట్‌వర్కుల పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. వచ్చేవారం ప్రమోషన్ పరీక్ష తప్పితే ఇంజనీరు పోస్టు దక్కదు. మళ్లీ ల్యాండ్‌లైన్ ఫిర్యాదుల కౌంటరే గతి. బీరువా తాళంచెవి గుమస్తా చలమయ్య జేబులో ఉంటుంది.

“సదివితే నలిగిపోతాయి మేడమ్. రేపు ఆడిట్ వోళ్లకి ఏటి సూపించాలి?” అన్నాడతను, రోజూలాగే నవ్వుతూ.

ఈసారి మాత్రం రోజూలా ఆమె పెదవి కొరుక్కుని వెళ్లిపోలేదు. తాళంచెవి కోసం చెయ్యి చాచి అక్కడే నిలబడింది. అతను సణుక్కుంటూ తాళం తీశాడు. సముద్రపు తేమకి పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ఒక పుస్తకాన్ని తీసి అతని టేబుల్ మీద దబ్బున పడేసి, స్టీలు స్కేలు అతని చేతిలో పెట్టింది.

“సదవనీకుండా కుళ్లబెట్టేసినారు గదా! కూకోండి. ఒక్కో పేజీ విడదియ్యండి. నాను ఇక్కడే నిలబడతాను.”