ఇరుకు పడని దర్జీ

ముత్తుకూరు దర్జీ మీరా మొహిద్దీన్ ఎండకు ఓర్చుకుంటాడు, ఆకలికి ఓర్చుకుంటాడు, భార్య ఇమాంబీ మాటలకూ ఓర్చుకుంటాడు. ఇరుకుకు మాత్రం ఓర్చుకోలేడు. ఎక్కడైనా నలుగురు ఒరుసుకుని కూర్చుంటే ఆయనకు ఊపిరాడదు. అందుకే ఆయన కుట్టిన చొక్కాలో ఇద్దరు పట్టేవారు.

ఈ జబ్బు తేనెటీగల నుంచి అంటుకుంది. ఖాదీ బోర్డు వాళ్ళిచ్చిన తేనెపెట్టెలు ఆయన దొడ్లో మునగచెట్ల కింద ఉండేవి. ఎండాకాలంలో పెట్టె కిక్కిరిస్తే ఈగలు గుమ్మం బయట గుత్తులుగా వేలాడతాయి. అప్పుడైనా కళ్ళు తెరవకపోతే సగం ఈగలు పాత రాణితో సహా ఎగిరిపోతాయి. ఆ లోపలే పాత రాణిని మర్యాదగా కొత్త పెట్టెలోకి మార్చాలి. ఇదొక్కటీ తెలిస్తే లోకాన్ని బాగుచేయొచ్చని మీరా మొహిద్దీన్ నమ్మకం.

ఒకసారి నెల్లూరి బస్సులో కండక్టరును పిలిచాడు.

"నాయనా, సగం మందిని ఇంకో బస్సులోకి మార్చు."

"ఇంకో బస్సు యాడుండాది సాయిబూ?"

"లేదా? అయితే నేను దిగతా."

దిగి నడిచొచ్చాడు. కత్తెర మాత్రం బస్సులోనే వచ్చింది.

ఒక పెళ్ళిలో విస్తళ్ళు వేసే పని ఆయనకిచ్చారు. విస్తరికీ విస్తరికీ మధ్య మంచం పట్టేంత చోటు వదిలాడు. బంతి చివర పడ్డ వియ్యపురాలు పక్కింటి గొడ్లసావిట్లో భోంచేసింది. ఆ వియ్యంకుడు ఇప్పటికీ ఈయన్ని చూస్తే మొహం తిప్పుకుంటాడు.

మీరా మొహిద్దీన్‌కు అరవై రెండో ఏట, ఎండాకాలంలో పక్కింటి పద్మనాభయ్యకు ఊపిరాడని రోజులొచ్చాయి. ఆ ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. అందులో తల్లి వెంకటశేషమ్మ, పెళ్ళాం ఇందిరమ్మ. అత్త మంచీ వేముల తీపీ లేవంటారు గదా, వేరే చెప్పేదేముంది. ఇందిరమ్మ మనుబోలు పుట్టింటికి పోతానని పెట్టె సర్దింది. తల్లిని వేరే పెడితే ఊరు మొహాన ఉమ్ముతుంది, పెట్టకపోతే పెళ్ళాం దక్కదు. పద్మనాభయ్యకు ఇద్దరూ ప్రాణమే. మిట్టమధ్యాహ్నం ఎండలో అరుగు మీద కూర్చున్నాడు.

మీరా మొహిద్దీన్ కంచె మీదుగా చూసి, "గుమ్మం బయటికొచ్చేసినాడు" అని ఇమాంబీతో అన్నాడు. ఈగలకు పొగపెట్టే కుండ చేతిలో ఉండగానే పక్కింట్లోకి నడిచాడు.

పద్మనాభయ్య గాభరాగా అరుగు మీంచి లేచాడు. ఒక పెట్టెలో ఇద్దరు రాణులుండరని ఇప్పుడీయన అంటాడు, ఇద్దరూ కలిసి తనను చంపుతారు.

ఆయన ఆ మాట అనలేదు. ముసలమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, నేను మిషను మీద కూర్చుంటే పెట్టెలకు చీమలు పడతా ఉండాయి. ఇమాంబీకి ఈగలంటే బయం. పెట్టెల మీద గోనెలు తడపాల, కోళ్ళ కింద పళ్ళాల్లో నీళ్ళు పొయ్యాల. పెద్దదిక్కు ఒకరొచ్చి నా దొడ్డిగదిలో ఉంటేగానీ ఈ ఎండలు గడవవు."

"నేను లేకుంటే ఈ ఇంట్లో పొయ్యి ఎలగదు" అంది వెంకటశేషమ్మ.

"ఎలగదు. నాకు తెలీదా? కానీ పాపం, నోరులేని జీవాలు."

ముసలమ్మ కోడలి వైపు ఓసారి చూసి లేచింది. "నా పొయ్యి నాకు వేరే పెట్టియ్యాల. ఎండలు తగ్గేదాకానే."

ఎండలు తగ్గాయి, వానలు పడ్డాయి, ఆమె తిరిగి రాలేదు. కొడుకు తల్లిని గెంటేశాడని ఊళ్ళో ఎవరూ అనలేదు. వెంకటశేషమ్మ లేకపోతే సాయిబు తేనె ఏమైపోయేదో అన్నారు. మధ్యలో కంచె వచ్చాక కోడలి పులుసు అత్తకు రుచించింది. మనుబోలు పెట్టె అటక ఎక్కింది.

ఒకరోజు కృతజ్ఞత చెబుదామని పద్మనాభయ్య వెళ్ళాడు. దొడ్డిగదిలోని సామానంతా ముందుగదిలోకి చేరింది. ఒకపక్క కుట్టుమిషను, ఒకపక్క తేనె డబ్బాలు, గుడ్డల మూటలు. నడుమ మీరా మొహిద్దీన్ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుని ఉన్నాడు.

"మేం కాళ్ళు చాపుకుని నెలలైంది" అంది ఇమాంబీ.

పద్మనాభయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. "మామా, మా కోసం ఇంత ఇరుకులో..."

మీరా మొహిద్దీన్ లేచి కూర్చుని నాలుగు గోడలూ శ్రద్ధగా చూశాడు.

"ఇరుకా? యాడ?"

తర్వాత పద్మనాభయ్య పొట్ట వైపు చూశాడు. రెండిళ్ళ తిండీ తిని అది కాస్త ముందుకొచ్చింది.

"నీ చొక్కా బిగుతైనట్టుండాది నాయనా. విప్పియ్యి, వదులు చేస్తా."