నర్సవ్వ చెప్పిన సినిమా

మొన్న కుంఠా నాకా కూడలి దాటుతుంటే ఏదో ఇంటి గుమ్మంలోంచి తడిపిన బీడీ ఆకు వాసన వచ్చింది. నలభై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, అయినా మా చిన్నప్పటి ఇంట్లో నిండి ఉండే ఆ వాసన తగిలితే మా నాన్న వస్తున్నాడేమోనని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను. మా పక్కింటి నర్సవ్వ పెద్దమ్మ కూడా గుర్తొస్తుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నేను పెరిగిన ఆ గల్లీ ముఖమే చూసేదాన్ని కాదు.

పెద్దమ్మ అరుగు మీద మా అమ్మా, ఇంకో ఐదుగురు ఆడవాళ్లూ చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. కళ్లు ఆకు మీద, చేతులు తంబాకులో. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆట చూసొచ్చిన పెద్దమ్మ వారమంతా ఆ సినిమా చెప్పేది. ఏడ్చే చోట ఏడ్చేది, తుపాకీ కూడా తనే పేల్చేది. మహా గడుసుది.

ఆ వారం చెప్పింది ఖూనీల సినిమా. ఒకడు బయట మనిషిని చంపి ఇంటికొస్తాడు. అంగీ మీది నెత్తురు పెళ్లాం చూస్తుంది. ఎక్కడ బయటపెడుతుందోనని ఆనాటి నుంచి ఆమెను చావగొడుతుంటాడు. అక్కడికి వచ్చేసరికి అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ మణికట్టు నాన్న విరిచి ఆర్నెల్లు కాలేదు. మగ్గాల కార్ఖానా పనిలో ఆయన్నెవరు మాటన్నా ఆ కసి మా ఇంట్లో తీరేది. ఈసారి కొడితే అమ్మను చంపేస్తాడని తొమ్మిదేళ్లకే నాకు తెలుసు. పెద్దమ్మ ఎవరి వైపూ చూడకుండా చెప్పుకుపోయింది. ఆ పెళ్లాం కూతురి చెయ్యి పట్టుకొని పక్కింటికి పోతుందట. వాడు వెంటపడి వస్తే వాడలోని ఆడవాళ్లంతా గుమ్మానికి అడ్డంగా కూర్చుంటారట. అరవరు, తిట్టరు. కూర్చుంటారు, అంతే.

ఆ కథ విన్న నాలుగో రోజు మధ్యాహ్నం నాన్న వేళకాని వేళ ఇంటికొచ్చాడు. చేతిలో ఇనుప కడ్డీ. అన్నానికని అమ్మా నేనూ అప్పుడే అరుగు మీంచి ఇంట్లోకి వచ్చాం. లోపలి గడియ పెట్టబోతుండగా అమ్మ నా రెక్క పట్టుకొని ఆయన్ను తోసుకుంటూ బయటపడి పెద్దమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. నేను నీళ్ల బాన వెనక నక్కాను. అరుగు మీది ఐదుగురూ ఎవరూ పిలవకుండానే చాటలతో సహా గుమ్మంలోకి జరిగి కూర్చున్నారు.

"మా ఇంటి ముచ్చటల మీరెందుకు? జరుగుండ్రి," అన్నాడు నాన్న.

పెద్దమ్మ ఆకు కత్తిరిస్తూనే, "జరగం తమ్మీ. ముందుగాల నన్ను కొట్టి లోపలికి పో," అంది.

ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. చివరికి కడ్డీ నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. మేము మళ్లీ ఆ ఇంట్లో పడుకోలేదు. పెద్దమ్మ వెనకగదిలోనే ఉండి, బీడీలు చుట్టి అమ్మ నన్ను పెంచింది.

పెళ్లయ్యాక మేము కాపురం పెట్టిన హోట్గి రోడ్ ఇంట్లో ఆ సినిమా టీవీలో చూశాను. అందులో పెళ్లాం పక్కింటికి పరుగెత్తితే వాళ్లు తలుపు తియ్యరు. ఆమె చచ్చిపోతుంది. మర్నాడే వెళ్లి, అమ్మ కోసమే కథ మార్చావా పెద్దమ్మా అని అడిగాను.

"మీ అమ్మకేం చెప్పాలె బిడ్డా? పారిపోవుడు ఆమెకు తెల్వదా? పోతే తలుపు తీసెటోళ్లే లేకుండిరి. గా ఐదుగురికి చెప్పిన," అంది. మళ్లీ తనే, "నాక్కూడ చెప్పుకున్న. నాకు మస్తు భయముండె," అంది.

ఆమె పోయి ఏళ్లయింది. ఇవాళ్టికీ ఏ ఇంట్లోనైనా మగగొంతు పెరిగితే నాకు భయమేస్తుంది. భయపడుతూనే చెప్పులు వేసుకొని ఆ గుమ్మం వైపు నడుస్తాను.