మూడో గుండీ దగ్గర ఆగిపోయిన అడవి

మా వదిన చెట్ల నడుము కొలిచే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని. అడవిలో రెండు వేల చిల్లర చెట్లకు నంబరు రేకులు కొట్టి, ఏటా ఒకసారి టేపు చుట్టి, ఏది ఎంత లావెక్కిందో రాసుకుంటుంది. ఆ రాతల్లోంచి పదిహేడు పరిశోధన పేపర్లు అచ్చయ్యాయి. పదహారింటిని కలిపి నలభై ఒక్కమంది తమ రచనల్లో పేర్కొన్నారు. మిగిలిన ఒక్కదాన్ని మూడు వందల పన్నెండు మంది పేర్కొన్నారు. పదకొండేళ్లుగా ఊరిస్తున్న ప్రొఫెసర్ పదవి ఆ ఒక్కదాని పుణ్యాన చేతిదాకా వచ్చింది. తీరా చూస్తే అదే తప్పు పేపరు. ఆ తప్పు నాది.

డిగ్రీ రెండో ఏట పుస్తకాలు అటకెక్కించినవాణ్ణి, ఒక అడవి ఎదుగుదలనే ఆపేశానంటే నవ్వకండి. మా వీధిలో పట్టాలున్న పెద్దమనుషులెవరూ కుండీలో మొక్కను కూడా ఆపలేకపోయారు.

చెట్టును నేల నుంచి నూట ముప్పై సెంటీమీటర్ల ఎత్తున కొలవాలి. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఏటా అదే ఎత్తు ఉండాలి. పాత సహాయకుడు మానేశాక వదిన నన్ను పనిలో పెట్టుకుని, సరిగ్గా అంత పొడవు కర్ర చేతికిచ్చింది. నేను టేపు చుట్టి కేకేస్తాను, పది అడుగుల దూరంలో తను రాసుకుంటుంది. మూడో రోజుకల్లా కర్ర బరువనిపించింది. పక్కన నిలబెట్టి చూసుకుంటే, నేను అడవికి వేసుకెళ్లే చొక్కా మూడో గుండీ దాకా వచ్చింది. ఇంకేం, కర్రను పొదలోకి విసిరేసి గుండీకెదురుగా టేపు చుట్టాను. ఆ ఏడు చెప్పులతో వెళ్లాను. మరుసటి ఏడు జలగల భయంతో మూడంగుళాల మందాన అడుగుభాగమున్న బూట్లు కొన్నాను.

నేను పెరిగాను, నాతోపాటు గుండీ పెరిగింది, టేపు పైకి జరిగింది. చెట్లు లావెక్కినదంతా అక్కడికక్కడే చెల్లిపోయింది. ఏడాదంతా ఒక్క చెట్టూ ఎదగలేదని లెక్క తేలింది. వదిన మూడుసార్లు కూడింది. ఎండల్లో వెతికింది, వానల్లో వెతికింది, నా కాళ్లకేసి మాత్రం చూడలేదు. ఎదగడం మానేసిన అడవి గురించి ఆమె రాసిన పేపరు మీద లోకమంతా ఎగబడింది.

ఆ మరుసటి ఏడు అవే బూట్లు. చెట్లు మళ్లీ మామూలుగా పెరిగాయి.

"ఒక్క ఏడాది సెలవు పెట్టాయా ఇవి?" అంది వదిన. "ఏదీ, ఆ కర్ర ఇలా ఇవ్వు."

"ఏ కర్ర వదినా?"

"నేనిచ్చిన కర్రయ్యా!"

నేను గుండీ చూపించాను. ఆమె చూపు గుండీ మీంచి మెల్లగా దిగి బూట్ల దగ్గర ఆగింది.

"ఇవెప్పుడు కొన్నావు?"

చెప్పాను.

"నువ్వు కోతలు కోస్తావని తెలుసు. చివరికి నాచేత కూడా కోయించావన్నమాట."

రెండు చెంపలూ వాయించినా హాయిగా ఉండేది. అన్ని చెట్లనూ కొత్త కర్రతో మళ్లీ కొలిచి, రెండు పేజీల సవరణ అచ్చు వేయించింది. అందులో నా ఊసే లేదు. ఎత్తు సరిచూసుకోకపోవడం తన లోపమేనని రాసుకుంది. ఆ రెండు పేజీలను ఇంతవరకు పేర్కొన్నది నలుగురు. తప్పు పేపరును మాత్రం నిన్నటికి నిన్న కూడా ఎవరో పేర్కొన్నారు. చదివి ఏడిస్తే కదా!

పదవి ఇంటర్వ్యూ రోజు నేను వరండా బెంచీ మీద ఉన్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది.

"మూడు వందల పన్నెండు! మన సంస్థలో ఇంకెవరికీ లేవమ్మా," అన్నాడు కమిటీ పెద్ద.

"అది తప్పు పేపరండీ. జాబితా చివర సవరణ ఉంది, చూడండి."

"చూశాం. రెండు పేజీలేగా, తీసేయండి. అది ఉంటే ఈ మూడు వందల పన్నెండూ లెక్కలోకి రావు."

"రానక్కర్లేదండీ."

"అప్పుడు మీకు మిగిలేదెంతో తెలుసా?"

"నలభై ఒకటి."

"అసలా సవరణ రాయమని మిమ్మల్నెవరడిగారమ్మా?"

"కొలిచింది నేను కదండీ."

ఇక్కడ నేను తలుపు తన్ని లోపలికెళ్లి, బూట్లు విప్పి బల్ల మీద పెట్టానని చాలామందికి చెప్పాను. పెట్టలేదు. బెంచీ మీదే కూర్చుని పళ్లు నూరుకున్నాను. ఇరవై రెండేళ్లు జలగలకు రక్తం ధారపోసిన మనిషిని, నిజం దాస్తే కుర్చీ ఇస్తామని అడుగుతారా? చెట్టు మొహం ఎరగని ఈ పెద్దలు?

కుర్చీ ఇంకొకాయనకు దక్కింది. ఆయన తన పేపర్లలో వదిన తప్పు పేపరును తొమ్మిదిసార్లు పేర్కొన్నాడు. సవరణను ఒక్కసారి కూడా పేర్కొనలేదు.

అక్కడితో ఊరుకున్నారా? నెల తిరగకుండా సంస్థ గుమ్మంలో నిలువెత్తు బోర్డు పెట్టారు. వదిన ఫొటో, దాని కింద బంగారు రంగులో 312. పదవికి పనికిరాని అంకె గోడకు పనికొచ్చింది! తీయించమని వదిన ఉత్తరం రాసింది, జవాబు లేదు. దాంతో సవరణ రెండు పేజీలూ తెచ్చి బోర్డు మీద అంటించింది. మర్నాటికి పీకేశారు. మళ్లీ అంటించింది.

నిన్నటిది ఆరోసారి. జిగురు పట్టుకుని నేనూ వెళ్లాను. కాగితం పెట్టబోతుంటే వదిన చెయ్యడ్డం పెట్టి, ముందు నా కాళ్లు చూసింది. తర్వాత చంకన పెట్టుకొచ్చిన కొలత కర్ర తీసి, నేల మీద నిలబెట్టి, దాని కొన ఎక్కడిదాకా వచ్చిందో వేలితో చూపించింది.

అక్కడే అంటించాను.