పెద్దక్క పడుకున్న రోజులు

ఆ లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు ఎవరూ లేరు. వయసులో ఆమెకంటె పెద్దవాడైన బాయిలరు మనిషి కూడ "పెద్దక్కా" అనే అనేవాడు. ఆ పిలుపు ఆమెకు నిలకడవల్ల వచ్చినది. ఆస్పత్రులనుండి, హోటళ్ళనుండి వచ్చే దుప్పట్లు కొండలుగా పడి ఉండే ఆ పొడవాటి రేకుల షెడ్డులో, ఆవిరి రోలరు ముందు ఆమె నిలబడితే హోమకుండం ముందు ఋత్విక్కు నిలబడినట్లు ఉండేది. చూపు చెదరదు, చేయి తొణకదు, మాట అవసరానికి మించదు. పనిలో చేరిన నాటినుండి జబ్బు పేరిట ఒక్క పూటైనా ఆమె మానలేదన్నది అక్కడ అందరికీ తెలిసిన విషయమే. ఏటేటా ఇచ్చే జబ్బు సెలవులు ఆమె ముట్టుకోకుండానే మురిగిపోయేవి.

"జబ్బు పడటానికి నాకు తీరికేదీ?" అనేది. హాస్యమనుకొని కొత్తవాళ్ళు నవ్వేవారు. పాతవాళ్ళు తల వంచుకొని దుప్పటి అందుకొనేవారు.

రోలరు పని ఒంటరిగా సాగేది కాదు. తడి దుప్పటిని ఇద్దరు చెరొక అంచు పట్టి, ఒకే ఊపులో విదిలించి, ఒకే క్షణంలో వేడి రోలరు నోటికి అందించాలి. ఒకరు తొందరపడి మరొకరు ఆలస్యం చేస్తే గుడ్డ మెలిపడుతుంది. మరీ ఏమరితే గుడ్డతోపాటు చేయి కూడ లోపలికి పోతుంది. అందుకే అక్కడ మనుషులను జతలుగా కట్టేవారు. పెద్దక్కకు జత, సన్నగా ఉండి గలగల మాట్లాడే ఒక పడుచు. ఆమెను అందరూ పిచ్చుక అనేవారు.

జతలో ఒకరు రాకపోతే రెండవవారిని ఆ పూట మాసిన బట్టల గదికి పంపడం అక్కడి పద్ధతి. రోగుల నెత్తురూ చీమూ అంటిన గుడ్డలను చేతులతో విడదీసే ఆ గది పేరు చెబితేనే అందరూ ముఖం తిప్పుకొనేవారు. కనుక ఒకరికి జ్వరం వస్తే మరొకరికి శిక్ష పడినట్లే. ఈ చిక్కులోనుండే "చూసిరావడం" అనే ఆచారం పుట్టింది. ఎవరైనా జబ్బని సెలవు పెడితే, మరునాటి సాయంత్రం ఇద్దరో ముగ్గురో పళ్ళు పట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళేవారు. పైకది పరామర్శ, లోలోపల విచారణ. ఆ విచారణకు న్యాయాధిపతి పెద్దక్కే. ఆమె తీర్పుకు మేస్త్రీ సైతం ఎదురు చెప్పేవాడు కాడు.

"లేచి నిలబడి నవ్వగలిగినవాళ్ళు, నిలబడి పని కూడా చెయ్యగలరు" అన్నది ఆమె సూత్రం. ఒకమారు బాయిలరు మనిషి మెడదాకా దుప్పటి కప్పుకొని మూలుగుతూ ఉంటే, ఆమె కాళ్ళవైపు దుప్పటి ఎత్తి చూసింది. కాళ్ళకు బూట్లు ఉన్నాయి. "జ్వరం ఎక్కడికైనా బయల్దేరుతోందా బాబాయ్?" అని మాత్రం అడిగింది. నాటినుండి బాయిలరు మనిషి నిజంగా జ్వరం వచ్చినా పనికి వచ్చేవాడు.

కిందటి చలికాలంలో పిచ్చుకకు జబ్బు చేసినప్పుడు కూడ పెద్దక్కే వెళ్ళింది. ఇల్లు అద్దంలా ఉంది. పిచ్చుక తల దువ్వుకొని, మంచి బట్టలు కట్టుకొని, నవ్వుతూ టీ తెచ్చి ఇచ్చింది. పెద్దక్క టీ తాగి, కప్పు కింద పెట్టి, "రేపు వచ్చేయ్" అంది. పిచ్చుక వచ్చింది. నాలుగు రోజులు గొంతు పెగలకుండానే పనిచేసింది. పిచ్చుక మాట్లాడకపోతే షెడ్డు ప్రశాంతంగా ఉందని అందరూ వేళాకోళం చేశారు.

ఇప్పుడు దగ్గు పెద్దక్కకు పట్టుకొంది. వేడి ఆవిరిలోనుండి చల్లని పెరట్లోకి, పెరట్లోనుండి మళ్ళీ ఆవిరిలోకి తిరిగే పని కనుక దగ్గును అక్కడెవరూ జబ్బు కింద లెక్కించరు. ఆమె అసలే లెక్కించదు. ఒళ్ళు కాలుతూ ఉంటే అది రోలరు వేడి అనుకొంది. కళ్ళు తిరుగుతూ ఉంటే తెల్ల దుప్పట్ల మెరుపు అనుకొంది. ఒకనాటి మధ్యాహ్నం దుప్పటి అంచు రోలరు నోటికి అందించే క్షణంలో దగ్గు తెర ఒకటి లోపలినుండి తన్నుకొని వచ్చింది. ఆమె ముందుకు తూలింది. చేయి గుడ్డను వదలలేదు.

పిచ్చుక రోలరును ఆపే ఎర్ర కడ్డీని మోకాలితో తన్నింది. రోలరు ఆగిపోయింది. పెద్దక్క చొక్కా చేతి అంచు గోధుమరంగుకు మాడింది. ఆ లోపలి చేతికి ఏమీ కాలేదు.

"చూసుకోలేదు. పద, వెయ్యి" అంది పెద్దక్క.

"వెయ్యను." పిచ్చుక తన అంచును బిగించి పట్టింది. "నీకు చావాలనుంటే నీ ఇష్టం అక్కా. కానీ ఆ దుప్పటి రెండో అంచు నా చేతిలో ఉంది."

ఆ సాయంత్రం పిచ్చుకే ఆమెను వెంటబెట్టుకొని వైద్యురాలి దగ్గరకు తీసుకొని వెళ్ళింది. వైద్యురాలు వీపుమీద గొట్టం పెట్టి చాలసేపు విన్నది.

"ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందమ్మా. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగుంటే ఆస్పత్రి మంచం మీద చూసేదాన్ని. మందులు వాడుతూ మంచం మీదే ఉండాలి. నేను మళ్ళీ విని సరే అనేదాకా ఆవిరి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు."

"ఎల్లుండికి తగ్గుతుందాండీ?"

"ఎల్లుండి అని నేను అన్లేదే."

"పోనీ, ఆ పై రోజు?"

వైద్యురాలు గొట్టం మెడలోనుండి తీసి బల్లమీద పెట్టింది. "అమ్మా, మీరు వైద్యానికి వచ్చారా, బేరానికి వచ్చారా? ఇప్పుడు తొందరపడితే ఈ ఊపిరితిత్తి మళ్ళీ మీ మాట వినదు. ఆ తర్వాత ఏ రోలరు దగ్గరా మీరు నిలబడలేరు."

మరునాడు ఉదయం పెద్దక్క ఇంట్లో ఉంది. పగటిపూట తన ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ తీరికగా చూడలేదు. లారీ నడిపే భర్త దూరప్రయాణంలో ఉన్నాడు. కిటికీ దగ్గర అత్తగారు కూర్చొని సూదికి దారం ఎక్కించే ప్రయత్నంలో ఉంది. వీధిలోకి వచ్చిన పాలబండి, పక్కింటివాళ్ళ కుళాయి చప్పుడు, నేలమీద మెల్లగా జరిగే ఎండ, అన్నీ ఆమెకు తాను దొంగిలించిన సొత్తులా తోచాయి. జ్వరం కంటె సిగ్గు ఎక్కువగా కాల్చింది. పడుకొన్నదే గాని, మనసు మాత్రం రోలరు దగ్గర నిలబడే ఉంది.

మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేశాడు.

"అక్కా, ఎలా ఉంది? కొత్త హోటల్ సరుకొచ్చి గుమ్మం దాకా పడుంది. నువ్వేం పని చెయ్యక్కర్లేదు. రేపొచ్చి ఊరికే నిలబడు. నువ్వు నిలబడితే చాలు, అందరూ చేస్తారు."

"నిలబడటానికైతే..." అంటూనే ఆమె దగ్గింది.

"అదే నేనూ అనేది! సాయంత్రం మనవాళ్ళు చూసిరావడానికి వస్తున్నారు. వాళ్ళతో కబురు చెప్పెయ్."

చూసిరావడం! ఆ మాట వినగానే ఆమె లేచి కూర్చొంది. ఇన్నాళ్ళూ ఇతరుల గుమ్మాలు ఎక్కిన ఆచారం ఇప్పుడు తన గుమ్మం ఎక్కబోతోంది. వాళ్ళ ముందు చింపిరి జుట్టుతో, చెమట కంపుతో పడి ఉండడమా? చీపురు అందుకొంది. గది ఊడ్చింది. కుర్చీలు సర్దింది. తల దువ్వుకొంది. పెట్టె తెరిచి ఉతికిన బట్టలు తీసింది.

"ఏమే, ఎవరొస్తున్నారు? ఫొటోలు తీసేవాళ్ళా?" అంది అత్తగారు సూదిమీదనుండి కన్ను తీయకుండా.

"మా పనివాళ్ళు అత్తయ్యా. నన్ను చూడ్డానికి."

"రోగిని చూడ్డానికొస్తున్నారా, ఇల్లు అద్దెకడగడానికొస్తున్నారా?"

పెద్దక్క కప్పులు కడిగి వరుసగా పెట్టి, నీళ్ళతో నిండిన కెటిల్‌ను ఎత్తబోయింది. అది లేవలేదు. నిన్నటిదాకా తడి దుప్పట్ల మోపులు ఎత్తిన చేయి. పొయ్యి గట్టు పట్టుకొని నిలబడింది. చెవుల్లో హోరు. అటువంటి సమయంలో ఆమె ముఖం తనంతట తానే ఒక చిరునవ్వును సిద్ధం చేసుకొంటూ ఉంది, వచ్చేవాళ్ళకోసం.

ఆ నవ్వు తన పెదవులమీద ఉన్నట్లు గుర్తించిన క్షణంలో ఆమెకు పిచ్చుక ఇల్లు కనబడింది. అద్దంలాంటి ఆ నేల, దువ్విన ఆ తల, చేతికి అందిన ఆ కప్పు. తాను ఆరోగ్యానికి ఋజువులని ఎంచినవన్నీ అతిథి ముందు సిగ్గుపడే రోగి చేసే పనులే. బూట్లు తొడుక్కొని పడుకొన్నవాడు తేలికగా దొరికాడు. కాని నిజంగా జబ్బుపడినవాళ్ళు, నిజమైన మర్యాదస్తులు, లేచి నిలబడి తమపై తామే తీర్పు చెప్పించుకొన్నారు. ఆ తీర్పు చెప్పినది తానే.

కెటిల్ అక్కడే వదిలేసింది. మంచి బట్టలు పెట్టెలో పెట్టింది. గోడ పట్టుకొంటూ వచ్చి మంచంమీద వాలి దుప్పటి కప్పుకొంది.

"అత్తయ్యా, ఎవరొచ్చినా నేను లేవను."

"లేస్తే నేనే కొడతాను" అంది అత్తగారు. సూదిలో దారం అప్పటికి ఎక్కింది.

ఆనాటి సంకల్పం ఆమె జీవితంలో అంతకుముందు చేసిన ఏ సంకల్పానికీ తీసిపోయేది కాదు. శరీరాన్ని పనికి నడిపించడం ఆమెకు చిన్ననాటినుండి వచ్చిన విద్య. దానిని నిలిపి ఉంచడం, అది కూడ పదిమంది కళ్ళెదుట, కొత్త తపస్సు. భగవంతుడు వెలిగించి చేతికిచ్చిన దీపాన్ని గాలిలో పరుగెత్తించి, ఆరకుండా ఉన్నందుకు గర్వపడిన రోజులు ఆమెవి. ఇప్పుడు ఆ దీపాన్ని గూటిలో పెట్టి కాపలా కాయాలి.

సాయంత్రం పిచ్చుక, బాయిలరు మనిషి వచ్చారు. పళ్ళ సంచి అత్తగారి చేతికి ఇచ్చి కుర్చీల్లో కూర్చొన్నారు. పెద్దక్క కదలలేదు. జుట్టు మళ్ళీ చెదిరి ఉంది. మాట్లాడితే దగ్గు వస్తూ ఉంది. ఆ ఆచారంలో నిజమైన రోగి లేవకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు.

"టీ తాగాలంటే వంటింట్లో అన్నీ ఉన్నాయి బాబాయ్. నేను పెట్టలేను" అంది పెద్దక్క.

బాయిలరు మనిషి లేచి మంచం కాళ్ళవైపు వచ్చి నిలబడ్డాడు. దుప్పటివంక ఒకసారి చూశాడు. "నీ బూట్లు చూడనులే" అని వంటింట్లోకి వెళ్ళాడు. లోపలినుండి డబ్బాల మూతలు తీసి పెట్టే చప్పుడు, "అమ్మా, ఇది పంచదారా ఉప్పా?" అన్న కేక, "నాలిక్కేసుకుని చూడు నాయనా, నోరుందిగా!" అన్న అత్తగారి జవాబు వినిపించాయి.

పెద్దక్క పిచ్చుకవైపు తిరిగింది. "ఆ రోజు నీకు జ్వరం ఎంతుందే?"

"ఏ రోజు?"

"నేను టీ తాగి వచ్చేయ్ అన్న రోజు."

పిచ్చుక నేల చూసింది. తరువాత నవ్వింది. "కెటిల్ నాకు రెండు కనబడ్డాయక్కా. ఏది నిజమో తెలీక మధ్యలో పట్టుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. టీ బాగుందన్నావు."

పెద్దక్క చేయి దుప్పటిలోనుండి బయటికి వచ్చి పిచ్చుక చేతిని పట్టుకొంది. గరుకుగా ఉంది ఆ చేయి. మాసిన బట్టల గదిలో చేతులు కడుక్కొనే మందునీళ్ళ వాసన. "మేస్త్రీ నిన్ను ఆ గదికి పంపాడా?"

"పంపకేం. పొద్దున్నుంచీ అక్కడే."

"ఫోనివ్వు."

మేస్త్రీ గొంతు ఉత్సాహంగా పలికింది. "ఆ, అక్కా! రేపొస్తున్నావు కదా?"

"రావడం లేదు. డాక్టరమ్మ విని సరే అన్నాక వస్తా."

"అదెప్పుడంటావ్?"

"ఆమెనడుగు. నన్నడిగితే రేపే అంటాను. అది అబద్ధం." దగ్గు ఆగేదాకా ఆగింది. "ఇంకోటి. జబ్బు నాకొస్తే ఆ గది పిచ్చుకకెందుకు? మడత పెట్టేవైపు నుంచి ఒకర్ని తెచ్చి దానికి జత కట్టు."

"వాళ్ళకి రోలరు చేతకాదక్కా!"

"నాకూ మొదటిరోజు చేతకాలేదు. మెల్లగా వేస్తే వస్తుంది. ఎవరూ దొరక్కపోతే నువ్వే రెండో అంచు పట్టుకో."

"నేనా?"

"పొద్దస్తమానం మమ్మల్ని పట్టుకోమంటావుగా. బరువెంతో నీకూ తెలియొద్దూ?"

బాయిలరు మనిషి మూడు కప్పులతో వచ్చాడు. టీలో ఉప్పు లేదుగాని పంచదార కూడ లేదు. అయినా అందరూ చివరిదాకా తాగారు.

ఆ తరువాతి రోజులు గడవడం తేలిక కాలేదు. మేస్త్రీ మరి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ అదే మాట చెప్పింది. రెండవసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు వైద్యురాలు విని, "ఇంకా కాదు" అంది. పెద్దక్క బేరమాడకుండా లేచి వచ్చేసింది. రోజూ కిటికీ దగ్గర అత్తగారి సూదికి దారం ఎక్కించేది, ఎండ నేలమీద జరగడం చూసేది. మెల్లగా ఆ ఎండ దొంగసొత్తు కాకుండా పోయింది. మూడవసారి వైద్యురాలు గొట్టం తీసి తల ఊపింది.

ఆమె తిరిగివచ్చిన ఉదయం బాయిలరు మనిషి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "పెద్దక్కకే జబ్బు చేసిందని తెలిసి బాయిలరుకీ ధైర్యమొచ్చింది. నిన్న ఒక పూట మొత్తం సెలవు పెట్టింది."

"చూసొచ్చారా మరి?"

"చూశాం. నిజంగానే జబ్బు."

మేస్త్రీ ఎదురుపడి అరచేతులు చూపించాడు. బొబ్బలు ఎక్కి ఎండి ఉన్నాయి. ఆ రోజునుండి జత రానివాళ్ళను మాసిన బట్టల గదికి పంపడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆమె ఆ మాట ఎత్తినప్పుడల్లా మేస్త్రీ గొణిగేవాడు, ఆమె మళ్ళీ ఎత్తేది.

చలి ముదిరాక మేస్త్రీయే మంచం పట్టాడు. మరునాటి సాయంత్రం చూసిరావడానికి అందరూ పెద్దక్కవంకే చూశారు. ఆమె ఇంటినుండి ఫ్లాస్కునిండా టీ పోసుకొని వచ్చింది. పిచ్చుక పళ్ళు పట్టుకొంది. మేస్త్రీ ఇంటి మెట్లు ఎక్కుతూ ఉండగానే లోపల హడావిడి వినిపించింది. కుర్చీ జరుగుతూ ఉంది. నేలమీద చీపురు గబగబ కదులుతూ ఉంది. మధ్యమధ్య దగ్గు.

పెద్దక్క తలుపు తట్టలేదు. గడపవతలే నిలబడి గొంతెత్తింది.

"మేస్త్రీ! లేవకు! లేచావంటే సెలవు రద్దు!"

చీపురు చప్పుడు ఆగింది. క్షణం తరువాత లోపల మంచం కిర్రుమంది. అప్పుడు ఆమె తలుపు తోసుకొని, ఫ్లాస్కు మూత విప్పుతూ లోపలికి వెళ్ళింది.